ఉన్నిటోపీ కింద ఈల

పోయినవారం మనం గైడమ్మని లోయ అంచున, చెక్కల అరుగు మీద, చెయ్యి సగం ఎత్తిన మనిషిని ఎత్తినట్టే వదిలేసి వచ్చాం. వారం రోజులూ ఆ చెయ్యి గాలిలోనే ఉండిపోయిందేమోనని బెంగపెట్టుకున్న దయగల పాఠకులకి ఒక మాట: దించింది. కాకపోతే దించడానికి చాలా కష్టపడింది.

ఆ చేతి సంగతి మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే మనతో కలిసినవాళ్ళకీ కాస్త గుర్తుచెయ్యాలి. లోయ పైన ఒక విడిది ఉంది. అడవిని పాడుచెయ్యకుండా అడవిని చూపిస్తామని చెప్పుకునే విడిది. దాని గేటు మీద పచ్చాకు ముద్ర ఉంది. ఆ ముద్ర ఇచ్చేవాళ్ళు ఏటేటా ఒకరిని పంపి, ముద్ర ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకుంటారు. జనం అక్కడికి పొగపిట్ట కోసం వస్తారు. చూడడానికి కాదు, వినడానికి. లోయలోంచి మంచు లేచే వేళ ఆ బూడిదరంగు పిట్ట మంచులో కలిసిపోతుంది, పాట మాత్రం పైకి వస్తుంది. అతిథులు చెప్పులు విప్పి, ఫోన్లు బుట్టలో వేసి, నోటికి తాళం వేసుకుని అరుగు మీది బల్లల మీద కూర్చుంటారు. పిట్ట వినపడ్డవాళ్ళు చెయ్యెత్తాలి. వినకుండానే విన్నామనుకునేవాళ్ళూ, పక్కవాడు ఎత్తాడని ఎత్తేవాళ్ళూ ఎక్కడైనా ఉంటారు కాబట్టి, గైడు చెయ్యి లేస్తేనే పిట్ట పాడినట్టు లెక్క. తనిఖీకి వచ్చేవాళ్ళు కూడా ఆ చేతినే నమ్ముతారు.

ఈ పద్ధతి పెట్టింది గైడమ్మ తండ్రి. ఆయన బళ్ళో పాఠాలు చెప్పేవాడు. ఏ పిట్ట గొంతైనా ఈలతో దింపేసేవాడు కనక అందరూ ఈలమాస్టారు అనేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. నాన్న కూర్చున్న చోట కూర్చోలేనని గైడమ్మ ఈ ఏడాదీ అరుగు జోలికే పోలేదు. అతిథులని అడవి దారుల్లో తిప్పుకొచ్చే పని చూసుకుంది. అరుగు మీద గైడుగా ఉన్నతను ఉద్యోగం మానేసి పోవడంతో ఇక తప్పక వెళ్ళి కూర్చుంది.

పిట్ట పాడింది. మూడు పొడుగాటి స్వరాలు, ఒకదాని మీద ఒకటి పైకి. చుట్టూ చేతులు లేచాయి. ఆమె చెయ్యి కూడా లేస్తోంది. మూడో స్వరం చివర సన్నగా గాలి జారింది.

పిట్టకి పళ్ళుండవు. ముందుపన్ను విరిగాక ఈలమాస్టారి ఈల చివర మాత్రమే అలా గాలి పోయేది.

ఆ గాలి చప్పుడుతోనే తెల్లవారింది ఆమెకి. మొహం కడుక్కుంటుంటే కుళాయిలో వినపడింది. టీ కాస్తుంటే గిన్నె మూత కింద వినపడింది. చిన్నప్పుడు ఆమెకి జ్వరం వస్తే నాన్న మంచం పక్కన కూర్చుని సన్నగా ఈల వేసేవాడు. అమ్మ లేని పిల్ల కదా, జోలపాట ఎలా పాడాలో తెలియక ఆయనకి తెలిసిన విద్యే వాడేవాడు. ఆ ఈల లోయలోంచి వినపడితే ఏ కూతురికి కాళ్ళు నిలుస్తాయి? ఆమెకి భయం వేసింది. భయం కంటే ఎక్కువగా, ఇంకోసారి వినాలని ఉంది.

ఆ రోజు పొద్దున్నే తనిఖీ మేడమ్ దిగింది. సన్నటి మనిషి. తన గ్లాసు తనే తెచ్చుకుంది. గదిలో పెట్టిన పూలగుత్తిని తీసుకెళ్ళిపోమంది. వచ్చిన పది నిమిషాలకి కిందికి ఫోన్ చేసి, పక్కగదిలో ఫ్రిజ్జు గురక పెడుతోంది, దాన్ని కట్టేస్తారా అని అడిగింది. పక్కగదిలో ఫ్రిజ్జు చప్పుడు ఈ గదిలోకి వినపడడమేమిటని గదులు ఊడ్చే కుర్రాళ్ళంతా గోడకి చెవులు ఆనించి చూశారు. వాళ్ళకేమీ వినపడలేదు.

"చెవులా, దూరదర్శినులా?" అన్నాడు బాబాయి. విడిదికి మేనేజరు ఆయనే. ఈలమాస్టారికి తమ్ముడు. జోకు వేశాడు గాని నవ్వు రాలేదు. "అమ్మడూ, సాయంత్రం అరుగు మీద నువ్వే కదా?"

"నేనే."

"మరి... నిన్నటిలా సగంలో ఆపకు. అతిథులు అడిగారు, గైడుకి భుజం నొప్పా అని."

ఆయన ఆమె కళ్ళలోకి చూడకుండా తాళాల గుత్తి వైపు చూస్తూ మాట్లాడాడు. చిన్నప్పటినుంచీ ఎత్తుకుని తిప్పిన బాబాయి తన కళ్ళలోకి చూడకపోవడం ఆమెకి గుచ్చుకుంది.

మధ్యాహ్నం అతిథులు భోజనాల దగ్గర ఉండగా గైడమ్మ లోయలోకి దిగింది. మెట్లదారిన కాదు. లాండ్రీకి నీళ్ళు తోడే పైపు ఒకటి కొండవాలు పొడుగునా కిందికి పోతుంది. దాని పక్కన మరమ్మతు చేసేవాళ్ళు నడిచే జానెడు బాట ఉంది. నిన్న పాట అటు నుంచే వచ్చింది. నిన్ననే కాదు, రోజూ అక్కణ్ణించే వస్తుందని గదులు ఊడ్చేవాళ్ళు చెప్పారు. ఎంత పద్ధతైన పిట్టయినా రోజూ అదే కొమ్మ మీద అదే వేళకి కూర్చుంటుందా?

దిగుతున్నకొద్దీ చలి ఎక్కువైంది. రాళ్ళ మీద నాచు, నాచు మీద నీటిబొట్లు. ఎక్కడో అడుగున వాగు పారుతున్న చప్పుడు. సగం దూరం దిగాక ఆమెకి ఒక సంగతి తట్టి, ఆగిపోయింది. తను చిన్నప్పుడు నాన్న వెనకాల దిగిన లోయ ఇది. అప్పుడు మాటలు వినపడనంతగా పిట్టలు అరిచేవి. ఇప్పుడు తన ఊపిరి తనకి వినపడుతోంది. అతిథులు ఆ అరుగు మీద కూర్చుని, ఎంత ప్రశాంతంగా ఉందో అని పొంగిపోయేది ఈ నిశ్శబ్దానికా!

పైపు మలుపు తిరిగే చోట బండ ముందుకి పొడుచుకొచ్చి చిన్న చూరులా ఉంది. ఆ చూరు కింద ఎవరో అటు తిరిగి కూర్చున్నట్టు కనపడింది. కనపడింది ఒక్క తలే. తల మీద గోధుమరంగు ఉన్నిటోపీ.

"నాన్నా!" అని పైకే అనేసింది గైడమ్మ.

తల తిరగలేదు. ఆమె చెట్టు వేరు పట్టుకుని నిలబడింది. ఆ టోపీ ఆమెకి తెలుసు. కుడివైపు చిరుగుకి గోధుమరంగు దారం అయిపోతే పిన్ని ఆకుపచ్చ దారంతో కుట్టింది. అది చూసి నాన్న, నా తల మీద గడ్డి మొలిచిందర్రా అని అందరికీ చూపించుకు తిరిగాడు. ఆయన పోయాక ఆ టోపీ కోసం గైడమ్మ ఇల్లంతా గాలించింది. బట్టల్లో ఎక్కడా కనపడకపోతే కూర్చుని ఏడ్చింది కూడా.

దగ్గరికి వెళ్ళి, టోపీ పట్టుకుని ఎత్తింది. కింద అరచేతుల్లో పట్టేంత నల్లటి పెట్టె. ముందు జల్లెడలాంటి జాలీ, వెనక బ్యాటరీలు, పక్కన మీటలు, మోగే వేళ పెట్టుకునే చిన్న గడియారం. వానకి తడవకుండా పెట్టెకి టోపీ తొడిగారు. అంతే సంగతి.

అంతే సంగతి అయినా ఆమె అక్కడే కూలబడి టోపీని మొహానికి అదుముకుంది. తడి ఉన్ని వాసన, దాని అడుగున ఎక్కడో తలనొప్పి మందు వాసన. దయ్యమైనా బాగుండు అనిపించింది ఆమెకి. దయ్యమంటే కనీసం నాన్నే వచ్చినట్టు కదా. ఇది ఎవరో నాన్న ఊపిరిని డబ్బాలో పెట్టి వేళకి బయటికి తీస్తున్నట్టుంది.

పెట్టెని టోపీలో చుట్టి సంచిలో వేసుకుని ఆమె పైకెక్కింది.

లాండ్రీ గదిలో ఆవిరి కమ్మేసి ఉంది. తాళ్ళ మీద తెల్ల దుప్పట్లు, వాటి మధ్య పిన్ని. బాబాయి భార్య. తల్లి పోయిన గైడమ్మని ఒళ్ళో వేసుకుని పెంచింది ఈవిడే. విడిదిలో ప్రతి గది గోడ మీదా ఒక అట్ట ఉంటుంది: తువ్వాలు కొక్కేనికి తగిలిస్తే మళ్ళీ వాడుకుంటారని అర్థం, నేల మీద పడేస్తే ఉతుకుతాం, నీటిని కాపాడండి అని. ఆ అట్ట చదివి మెచ్చుకుని ఫొటో తీసుకుని తువ్వాలు నేల మీద పడేసి పోతారు అతిథులు. ఆ గుట్ట ముందు పిన్ని రోజూ చదివే దండకం వేరే ఉంది.

ఆవేళ దండకం లేదు. ఆవిడ నోరు మూసుకుని దుప్పటి ఒక కొస పట్టుకుంటే, బాబాయి రెండో కొస పట్టుకుని మడత పెడుతున్నాడు. మేనేజరు లాండ్రీకొచ్చి దుప్పట్లు మడుస్తున్నాడంటే మనసు మనసులో లేదన్నమాట.

గైడమ్మ ఇస్త్రీబల్ల మీద టోపీ పెట్టింది. టోపీలోంచి పెట్టె తీసి దాని పక్కన పెట్టింది.

దుప్పటి బాబాయి చేతిలోంచి జారింది.

"ఇది ఎవరు పెట్టారు బాబాయ్?"

ఆయన నీళ్ళు నమిలాడు. "కింద... పైపు దగ్గరికి ఎందుకెళ్ళావు తల్లీ? జారిపడితే ఏం కాను?"

"ఎవరు పెట్టారు అని అడిగాను."

"చెప్పండి," అంది పిన్ని కిందపడ్డ దుప్పటి తీసి దులుపుతూ. "ఏడాదిగా మింగలేక కక్కలేక చస్తున్నారుగా. ఇప్పుడైనా చెప్పండి."

"నేనే పెట్టాను," అన్నాడు బాబాయి.

"పిట్ట ఏది?"

"లేదు."

"ఎప్పట్నించి?"

"అన్నయ్య మంచాన పడక ముందునుంచే."

గైడమ్మకి నవ్వొచ్చింది. కోపం పట్టలేనప్పుడు వచ్చే నవ్వు అది. "అంటే, ఇంతమంది చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి వింటున్నది డబ్బానా? చచ్చిపోయిన మనిషి ఈలని అడ్డం పెట్టుకుని బతుకుతున్నామా మనం? ఆయన బతికుంటే నీ మొహం చూసేవాడా బాబాయ్? అబద్ధం చెప్పిన పిల్లలని బయట నిలబెట్టిన మాస్టారు ఆయన! లోయలో ఈల వెయ్యకు, పిట్టలు బెదురుతాయని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన ఈలనే దొంగిలించి..."

"దొంగిలించలేదు."

"మరి?"

పిన్ని బాబాయి వైపు చూసి, ఇక లాభం లేదన్నట్టు తడిచేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది. పెట్టె పక్కనున్న మీట మామూలుగా ఎటు తిప్పుతారో దానికి రెండోవైపు తిప్పి నొక్కింది.

"పిల్లకి ఇది వినిపించాల్సింది ఎప్పుడో," అంది.

ముందు ఈల వచ్చింది. మూడు స్వరాలు, చివర గాలి. ఆవిరి నిండిన గదిలో అది ఎంత దగ్గరగా వినపడిందంటే గైడమ్మ వెనక్కి తిరిగి చూసింది. దుప్పట్లు కదులుతున్నాయి. తరవాత దగ్గు. ఆ దగ్గు కూడా ఆమెకి తెలుసు. తరవాత గొంతు.

"సరిగ్గా పడిందట్రా? చివర గాలి పోతోంది. ఈ పన్నొకటి ఏడ్చింది. పోనీలే, అంత దూరాన్నించి ఎవడు కనిపెడతాడు?" కాసేపు ఏమీ లేదు, మంచం కిర్రుమన్న చప్పుడు తప్ప. "తమ్ముడూ, అమ్మడికి చెప్పకు. పెద్ద మాస్టారులా దాని చేత ఒట్లు వేయించుకున్నాను. నేనేమో అరుగు వెనక నక్కి ఈల వేశాను. మొదట సరదాకే వేశాను. పిట్ట జవాబు చెప్పింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నన్ను చెడగొట్టాయి. అది పాడని రోజున పాడించాలనిపించేది. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోకూడదనిపించేది. నేను వేసిన ప్రతి ఈలకీ దానికి ఇంకో మగపిట్ట వచ్చిందనిపించిందిరా. ఎన్నాళ్ళు పాడినా అలిసిపోని పిట్ట, కంటికి కనపడని పిట్ట. దాంతో ఎంతకని పోట్లాడుతుంది? ఆ చోటు నాకు వదిలేసి పోయింది."

దగ్గు. పెట్టె ఆగిపోయింది.

బట్టల యంత్రం ఒకటి గిర్రున తిరిగి తిరిగి నిలిచింది. గైడమ్మ ఇస్త్రీబల్ల అంచు పట్టుకుంది. ఇప్పటిదాకా ఆమెకి నాన్న ఒకసారే పోయాడు. ఇప్పుడు రెండోసారి పోయినట్టయింది. మొదటిసారి కంటే ఈసారే ఎక్కువ నొప్పి పుట్టింది. ఆ నొప్పి మధ్యలోనే, ఛీ, ఎంత బాగా మాట్లాడాడో, గొంతు ఎంత నాన్నగా ఉందో అని సంతోషం కూడా వేసింది. ఆ సంతోషానికి సిగ్గుపడి ఏడ్చేసింది.

పిన్ని ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. "ఏడు. తువ్వాళ్ళకేం కరువు లేదు."

బాబాయి కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "అటు చూడు అమ్మడూ."

లాండ్రీ కిటికీలోంచి లోయకి అవతలి కొండ కనపడుతుంది. రాళ్ళు కొట్టేవాళ్ళు దాన్ని సగం తినేశారు. మిగిలిన సగం మీద చెట్లు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి.

"ముద్ర ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఇటు రారు. పొగపిట్ట ఉన్నన్నాళ్ళే ముద్ర. పిట్ట లేదని ఇవాళ చెప్పామనుకో, వచ్చే ఏటికి ఆ కిటికీ కూడా ఉండదు. అడవిలో కట్టెలు కొట్టడం మానిపించి ఇంతమందిని పనిలో పెట్టాడు మీ నాన్న. వాళ్ళంతా మళ్ళీ గొడ్డళ్ళు పట్టుకోవాలి. లోయ మిగిలితే ఎప్పటికైనా పిట్ట వస్తుంది. లోయే లేకపోతే ఎక్కడికి వస్తుంది? నేను అబద్ధం ఆడుతున్నానంటావు, ఆడుతున్నాను. దేనికో చూడు."

ఆయన మాటలో నిజం ఉంది. అదే ఆమెకి కష్టంగా ఉంది. తిట్టడానికి ఒక దుర్మార్గుడు దొరికితే ఎంత హాయి! ఇక్కడేమో నెరిసిన జుట్టుతో, దుప్పటి మడతల మధ్య నిలబడ్డ బాబాయి ఉన్నాడు.

"నాన్న మాట నువ్వు సరిగ్గా వినలేదు బాబాయ్," అంది చివరికి. "ఈల వినపడినందుకే కదా పిట్ట పోయింది. మరి అదే ఈల రోజూ మోగుతుంటే ఇంకోటి ఎలా వస్తుంది? పై కొండల్లోంచి ఎగిరొచ్చినా, ఇక్కడెవరో ఉన్నారని వెనక్కి పోతుంది. అవతల రాళ్ళవాళ్ళు కొండని తింటున్నారు. ఇవతల మనం పిట్టకి తలుపు వేసి కాపలా కూర్చున్నాం. తేడా ఏముంది?"

బాబాయి మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళలో ఆయనకి ఆ సంగతి తట్టనే లేదు. తట్టకూడదనుకున్నాడేమో కూడా.

గైడమ్మ పెట్టె వెనక మూత తీసి బ్యాటరీలు బయటికి లాగింది. "ఇంకో పెట్టె ఉందా?"

"మీ నాన్న మీద ఒట్టు. ఇదొక్కటే."

"సాయంత్రం నా చెయ్యి లేవదు. మేడమ్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

"నాన్న పేరు కూడా చెప్తావా?"

ఆ ప్రశ్న అడిగింది పిన్ని. గైడమ్మ పెట్టెని టోపీలో చుట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రానికి లోయ నిండా మంచు పోగైంది. అతిథులు చెప్పులు విప్పారు. ఫోన్లు బుట్టలో వేశారు. నాన్న నాటి ఒకే ఒక్క బల్ల వెనక బాబాయి వేయించిన కొత్త బల్లలు కూడా నిండిపోయాయి. అందరికంటే ముందు, పాత బల్ల చివర తనిఖీ మేడమ్ కూర్చుంది. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడే వినడం మొదలుపెట్టేసింది. బాబాయి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పిన్ని కూడా వచ్చింది, ఎప్పుడూ రానిది.

కూర్చోబోయే ముందు గైడు నాలుగు మాటలు చెప్పాలి. అవీ నాన్న పెట్టిన మాటలే. గైడమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. సంచిలో టోపీ, టోపీలో ప్రాణం పోయిన పెట్టె. బ్యాటరీలు ఆమె పిడికిట్లో ఉన్నాయి, చెమటకి తడిసి.

"పొగపిట్ట పిల్లకి పాట పుట్టుకతో రాదు," అంది ఆమె. "గూట్లో కూర్చుని వింటుంది. తండ్రి ఎలా పాడితే అలాగే నేర్చుకుంటుంది. తండ్రి లేకపోతే చుట్టుపక్కల ఎవరు పాడితే వాళ్ళ దగ్గర నేర్చుకుంటుంది. అందుకని మనం ఇక్కడ చప్పుడు చెయ్యం. మన చప్పుడు దాని పాటలో కలవకూడదు. వినపడ్డవాళ్ళు చెయ్యెత్తండి."

కూర్చుంది.

మంచు అరుగు అంచు దాకా లేచింది. ముందువరుస వాళ్ళ పాదాలు మసకబారాయి. పాట వచ్చే వేళ అయింది. వేళ దాటింది. ఎవరో సర్దుకుని కూర్చున్నారు. ఇంకెవరో దగ్గు ఆపుకున్నారు. తనిఖీ మేడమ్ కదల్లేదు. గైడమ్మ లోపల మాటలు కూర్చుకుంటోంది. మేడమ్, ఇక్కడ పిట్ట లేదు. ఉండేది. మా నాన్న... ఆ 'మా నాన్న' దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతోంది. మళ్ళీ మొదలుపెడుతోంది. మళ్ళీ అక్కడే ఆగుతోంది. పిన్ని అడిగిన ప్రశ్న ముల్లులా అక్కడే దిగబడి ఉంది.

చాలా సేపటికి మేడమ్ కళ్ళు తెరిచి ఆమె వైపు తిరిగింది. అడగబోతున్నట్టు నోరు తెరిచింది. గైడమ్మ కూడా తెరిచింది.

కిందినుంచి ఈల వచ్చింది.

మూడు పొడుగాటి స్వరాలు, ఒకదాని మీద ఒకటి పైకి. చివర సన్నగా గాలి.

గైడమ్మ చెయ్యి సంచి మీదికి పోయింది. టోపీలోంచే పెట్టెని తడిమింది. చల్లగా, నిర్జీవంగా ఉంది. పిడికిలి విప్పి చూసుకుంది. బ్యాటరీలు ఉన్నాయి. మెట్ల వైపు చూసింది. బాబాయి రెండు చేతులూ గాలిలోకి చాచి, నేను కాదు, నేను కాదని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన పెదవులు తెల్లబడిపోయాయి. పిన్ని రెయిలింగు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

చుట్టూ చేతులు లేచాయి. ముందు ఒకటి, తరవాత నాలుగు, ఆ తరవాత అన్నీ. లేచిన చేతులన్నీ గైడమ్మ చెయ్యి కోసం చూస్తున్నాయి.

తనిఖీ మేడమ్ చెయ్యి మాత్రం లేవలేదు. ఆమె ముందుకి వంగి, అరుగు మీద ఎవరూ మాట్లాడకూడదన్న నియమాన్ని పక్కన పెట్టి, గైడమ్మకి మాత్రమే వినపడేలా గుసగుసగా అంది.

"ఈ పిట్ట పాత రికార్డింగులన్నీ విన్నాను నేను. ఏ ఒక్కదానికీ చివర ఆ గాలి లేదు. అది మనిషి ఊపిరి. నిజం చెప్పండి, కింద ఎవరున్నారు?"

ఎవరున్నారు? గైడమ్మకి తెలిస్తే కదా! నాన్న అనబోయింది. అది అబద్ధం. ఎవరూ లేరనబోయింది. అదీ అబద్ధమే. ఇందాక తనే అన్న మాట అప్పుడు చెవిలో పడింది, ఇంకెవరో చెప్పినట్టు. తండ్రి లేకపోతే, చుట్టుపక్కల ఎవరు పాడితే వాళ్ళ దగ్గర. ఈ లోయలో ఏడాదిగా పాడుతున్నది ఒక్కరే. విరిగిన పన్నుతో పాడుతున్నది ఒక్కరే. ఆ పెట్టె దగ్గర పాట నేర్చుకున్న పిట్టపిల్ల ఏదైనా ఉందా?

ఈల మళ్ళీ వచ్చింది. ఈసారి పైపు మలుపు నుంచి కాదు. దగ్గరగా, అరుగుకి కాస్త కిందుగా, మంచులో. మూడో స్వరం చివర గాలి జారాక అది ఆగింది. ఎప్పుడూ పలికే గొంతు ఇవాళ ఎందుకు పలకలేదో అడుగుతున్నట్టు, ఎదురుచూస్తూ ఆగింది.

జవాబు చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నాన్న చేసిన తప్పు ఇదే, ఇక్కడే, ఇలాగే. ఒట్టు గుర్తుంది. మేడమ్ తన నోటికేసే చూస్తోందనీ తెలుసు. ఒక్క ఈల వేస్తే చాలు, ఉన్న ఒక్క పిట్టా ఎగిరిపోవచ్చు, ముద్రా పోవచ్చు. అయినా అది నాన్న గొంతు. పిలుస్తోంది.

గైడమ్మ పెదవులు వాటంతటవే గుండ్రంగా ముడుచుకున్నాయి. ఆమె ఊపిరి లోపలికి పీల్చుకుంది.